మెట్టుకు రెండు పాదాలు

మొదటి చికిత్స అయిన మర్నాడు పొద్దున్న పైడిరాజు పెరట్లో పళ్ళు తోముకుంటూ, "పాప ఇంకా లేవలేదా?" అని అడిగాడు.

పాలగిన్నె పొయ్యి మీద పెడుతున్న ఇందుమతికి ఆ మాట వినిపించింది. గిన్నె దించి, గట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పాప పోయి నెలలు గడిచాయి. ఆ సంగతి నిన్నటిదాకా అతనికి తెలుసు. ఈ పొద్దున తెలీదు. తెలీకుండా చేసింది తనే.

పైడిరాజుది పార్వతీపురం దగ్గర సన్నాయి వాయించే కుటుంబం. తండ్రి పెళ్ళిళ్ళలోనూ అమ్మవారి ఊరేగింపుల్లోనూ సన్నాయి వాయించి, ఆ సంపాదనతో కొడుక్కి విజయనగరంలో గాత్రం చెప్పించాడు. కొడుకు పాడటంతో ఆగలేదు. సొంతంగా కృతులు కట్టడం మొదలెట్టాడు. నలభై దాటేసరికి, కొత్తగా రాస్తున్న వాగ్గేయకారుల గురించి మాటొస్తే ముందుగా అతని పేరే చెప్పేవారు. ఇందుమతి విశాఖపట్నంలో ఒక ప్రైవేటు పరిశోధనశాలలో మెదడు మీద పనిచేస్తుంది. ఆమెకి సంగీతం రాదు. ఏ రాగం ఏదో చెప్పలేదు. కానీ అతను మనసు పెట్టి పాడుతున్నాడో, నోటితో పాడుతున్నాడో మాత్రం వెనక వరసలో కూర్చుని కూడా చెప్పగలదు. ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నారు. ఇంకా ఆలస్యంగా ఒక్కతే కూతురు పుట్టింది. కుముద.

కుముదకి ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఒక సాయంత్రం తండ్రి దాన్ని భీమిలి వైపు సముద్రానికి తీసుకెళ్ళాడు. జాలర్లు వల లాగుతుంటే చూడటం దానికి సరదా. చెయ్యి పట్టుకునే నిలబడ్డాడు. అప్పుడే తలలో ఏదో కొత్త పాట మెదిలింది. ఆ పాటని వింటూ, అది జారిపోతుందేమోనని కళ్ళు మూసుకున్నాడు. చిన్న చెయ్యి తన చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలీలేదు. కళ్ళు తెరిచేసరికి అల వెనక్కి పోతోంది. జాలర్లు దూకారు, పడవలు వేసుకెళ్ళారు. పిల్ల మర్నాడు దొరికింది.

ఆ తర్వాత అతను పాడలేదు. తినడం కూడా దాదాపు మానేశాడు. చొక్కా వేసుకుంటే భుజాల మీంచి జారిపోయేది. డాక్టర్లు ఇచ్చిన మందులకి మగతగా పడుకునేవాడు తప్ప నిద్రపోయేవాడు కాదు. ఈ మనిషి కూడా మిగలడని ఇందుమతికి ఒకరోజు స్పష్టంగా అర్థమైంది.

పరిశోధనశాలలో ఆమె, ఆమె పై అధికారి డాక్టర్ జయశీలరావు చాలా ఏళ్ళుగా ఒక యంత్రం తయారుచేస్తున్నారు. మనిషి ఏ జ్ఞాపకాన్నయినా తలచుకున్నప్పుడల్లా అది మెదడులో కాసేపు తడిమట్టిలా మెత్తబడుతుంది. మళ్ళీ గట్టిపడితేనే నిలుస్తుంది. మెత్తబడ్డ ఆ కాసేపట్లో సరిగ్గా ఆ చోటికి సన్నటి ధ్వనితరంగాలు పంపితే గట్టిపడదు, చెదిరిపోతుంది. మనిషిని గాజుగదిలో కూర్చోబెట్టి, తలకి తీగలున్న టోపీ తొడిగి, ఏది పోవాలో అది చెప్పమంటారు. చెప్పడం పూర్తయ్యేసరికి చెప్పింది పోతుంది. ఫ్యాక్టరీ ప్రమాదాల్లోంచి బయటపడి, కళ్ళు మూస్తే మంటలే కనిపిస్తున్నాయనే కొందరికి అది మేలు చేసింది కూడా.

పైడిరాజే అడిగాడు. "ఆ సాయంత్రం ఒక్కటీ తీసెయ్యి, ఇందూ. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పునీళ్ళు తగులుతున్నాయి."

ఆ సాయంత్రం పోయినా పాప లేదన్న నిజం మిగులుతుందని, భయం పోయి మామూలు దుఃఖం నిలుస్తుందని ఇందుమతీ జయశీలరావూ అనుకున్నారు. కానీ ఆ తర్వాతి దుఃఖమంతా ఆ సాయంత్రానికే తగిలించి ఉంది. మేకు పీకేసరికి మీద ఉన్న బట్టలన్నీ కింద పడ్డాయి. అతని లెక్కలో ఇప్పుడు కుముద బతికే ఉంది. పక్కగదిలో నిద్రపోతోంది.

అమ్మమ్మతో ఊరెళ్ళిందని ఇందుమతి అబద్ధమాడింది. అతను నమ్మాడు. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. సాయంత్రం తంబురా సవరించి పాడాడు కూడా. ఆమె వంటింట్లో నిలబడి విని, ఇదే నిజమైతే ఎంత బాగుండునో అనుకుంది. కొన్ని రోజులు గడిచాక అతను వీధిలోకి వెళ్తే, కుముదని బడికి దింపే ఆటో అతను ఎదురుపడ్డాడు. ఆటో ఆపి, దిగి, చేతులు పట్టుకుని ఏడ్చాడు. బంగారంలాంటి పిల్ల బాబూ అన్నాడు.

పైడిరాజు ఇంటికొచ్చి పెళ్ళాం మొహం చూశాడు. ఆమె నోరు తెరవక్కర్లేకపోయింది. ఆరోజు అతను అరిచినట్టు, పిల్ల దొరికిన రోజు కూడా అరవలేదని తర్వాత ఆమెకి అనిపించింది. మళ్ళీ గాజుగదికి తీసుకెళ్ళి, ఆటో అతను ఏడ్చిన జ్ఞాపకాన్ని తీసేశారు. మర్నాడు మళ్ళీ పాప ఏదని అడిగాడు. ఈసారి పాఠానికొచ్చిన శిష్యురాలు సత్యవేణిని, మా అమ్మాయి ఎప్పుడొస్తుందో తెలుసా అని సరదాగా అడిగాడు. సత్యవేణి ఆడపిల్లల కాలేజీలో లెక్చరరు, నలభయ్యేళ్ళ మనిషి, మాట దాచడం వచ్చినదే. అయినా మొహం దాచలేకపోయింది. ఒక్క తండ్రికి ఒక్క కూతురు మూడోసారి చనిపోయింది.

జయశీలరావు తన గదిలో తలుపు వేసి ఇందుమతితో నెమ్మదిగా మాట్లాడాడు. ఇక రెండే దారులున్నాయన్నాడు. ఒకటి, ఉన్నదున్నట్టు చెప్పి, అతను ఎలా తట్టుకుంటే అలా తట్టుకోనివ్వడం. రెండోది, పాపని మొత్తంగా తీసెయ్యడం. పుట్టిన దగ్గర్నుంచీ.

ఆమె ఇంటికొచ్చి, గోడవైపు తిరిగి పడుకున్న భర్త పక్కన కూర్చుంది. ఆ రెండో దారి సంగతి చెప్పి, తీసెయ్యమంటారా అని అడిగింది. అతను ఇటు తిరగలేదు. దుప్పటి మీదున్న చెయ్యి కొంచెం కదిలింది. అది ఔననడమో, వద్దనడమో, ఊరికే కదలడమో ఎవరూ చెప్పలేరు. ఆమె ఔననే అనుకుంది. అలా అనుకోకపోతే ఏం చెయ్యాలో ఆమెకి తెలీలేదు.

గాజుగదికి ఇవతల మీటల దగ్గర తనే కూర్చుంటానని పట్టుబట్టింది. పరాయివాళ్ళు వినడం ఆమెకి ఇష్టం లేకపోయింది. అతను లోపల కూర్చుని చెప్పేవాడు. పుట్టిన రోజునే అది తన వేలు పట్టుకుని ఎంతకీ వదలకపోవడం. మృదంగం వాయించే ఆయనకి దబదబ మావయ్య అని పేరు పెట్టడం. తను కావాలని జోలపాటలో మాటలు తప్పు పాడితే, నిద్రలోనే నోటిమీద కొట్టడం. చెప్తూ చెప్తూ నవ్వేవాడు. ఇందుమతి గాజు ఇవతల ఆ నవ్వు చూస్తూ మీట తిప్పేది. బయటికొచ్చాక, ఇవాళ ఏం చెప్పానని అడిగేవాడు. ఏం లేదనేది. అతని దగ్గర పోయినవన్నీ ఆమె దగ్గరికి వచ్చి చేరుతున్నాయి. అందులో కొన్ని ఆమెకి అంతకుముందు తెలియనివి కూడా.

రోజురోజుకీ మాటలు తగ్గాయి. ఆఖరికి ఒకరోజు టోపీ తొడుగుతుంటే చుట్టూ చూసి, చెప్పడానికేముంది, అసలు ఇక్కడికెందుకొచ్చామన్నాడు. జయశీలరావు యంత్రం ఆపేశాడు. ఇందుమతి నెమ్మదిగా టోపీ తీసి, భర్త జుట్టు సవరించి, మీకు మెదడుకి జ్వరం తగిలింది, ఇప్పుడు తగ్గిపోయింది అని చెప్పింది.

పెదవాల్తేరులో ఉన్న ఇల్లు వదిలేసి, ఎవరికీ వాళ్ళు తెలియని కాలనీలో ఒక అపార్టుమెంటులోకి మారారు. చుట్టాలకీ, శిష్యులకీ, పక్కవాద్యాలవాళ్ళకీ ఆమె ఒక్కొక్కరికే ఫోను చేసి బతిమాలింది. కొందరు ఏడ్చారు, కొందరు తిట్టారు. పాపం తగులుతుందని అతని మేనత్త అంది. చివరికి అందరూ ఒప్పుకున్నారు. పైడిరాజు ఒళ్ళు చేశాడు. పొద్దున్నే నడకకి వెళ్ళి, కనిపించిన వాళ్ళందరితో కబుర్లాడి వచ్చేవాడు. పిల్లలు లేకపోయినా మనకేం తక్కువ, శిష్యులే పిల్లలని ఒకసారి ఎవరితోనో అంటుంటే ఇందుమతి విని, కుళాయి విప్పి ఆ చప్పుడు పెద్దది చేసుకుంది.

ఏడవడానికి ఆమెకి ఇంట్లో చోటు లేదు. కుముద పుట్టినరోజు వచ్చి వెళ్ళింది. అది పోయిన రోజూ వచ్చి వెళ్ళింది. ఆఫీసు పని అని చెప్పి ఒక్కతే భీమిలి వెళ్ళి ఇసకలో కూర్చుని వచ్చింది. బిడ్డ పోయిన తల్లులు ఎందరో ఉంటారు. వాళ్ళకి, గుర్తుందా అని అడగడానికి పక్కన ఒక మనిషైనా ఉంటాడు. ఆమెకీ ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి ఉన్నాడు, పక్కనే కూర్చుని పకోడీలు తింటున్నాడు, గుర్తుందా అంటే ఏమిటని అడుగుతాడు.

కాకినాడలో ఒక సభవాళ్ళు కొత్త కృతి కావాలని అడిగారు. పైడిరాజు ఉత్సాహంగా కూర్చుని కల్యాణిలో ఒకటి కట్టాడు. పల్లవి, అనుపల్లవి, చరణం, చిట్టస్వరం, అన్నీ కుదిరాయి. సభలో జనం చప్పట్లు కొట్టారు. ఇందుమతి వెనక వరసలో కూర్చుని వింది. అతను నోటితో పాడుతున్నాడు. అలాగని మనసు పెట్టలేదా అంటే, పెట్టాడు. పెట్టిన మనసులో ఏమీ లేదు.

తిరిగొస్తున్నప్పుడు రైల్లో, పైడిరాజు నిద్రపోతుండగా, సత్యవేణి నోరు విప్పింది. "తప్పు ఒక్కటీ లేదు మేడమ్. అందుకే భయమేస్తోంది."

అది అతనికీ తెలుసు. ఇంటికొచ్చాక ఆ కృతిని చింపేశాడు. ఇంకోటి కట్టాడు, అదీ చింపేశాడు. తోడిలో మొదలెట్టి, వదిలేసి, బేగడలోకి వెళ్ళి, అదీ వదిలేశాడు. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. రాగం పిలిస్తే వస్తోంది, ఎదురుగా కూర్చుంటోంది, మాట్లాడటం లేదు అనేవాడు. నడక మానేశాడు. చేసిన ఒళ్ళు మళ్ళీ తగ్గసాగింది. అతన్ని బతికించుకోవడానికి ఏది పణంగా పెట్టిందో అది పోయింది, బతుకూ నిలిచేలా లేదు. ఒకరోజు అతను ఆమె రెండు చేతులూ పట్టుకుని, నాకు జ్వరమొచ్చినప్పుడు మీరంతా కలిసి ఏం చేశారని అడిగాడు. మందులిచ్చామంది. అతను ఆమె కళ్ళలోకి చూసి చేతులు వదిలేశాడు.

తర్వాత కొత్తవి కట్టడం మానేసి తన పాత కృతులు పాడుకోవడం మొదలెట్టాడు. పాటలు పోలేదు. గొంతు నేర్చుకున్నది మెదడులో వేరే చోట ఉంటుంది, యంత్రం అక్కడికి వెళ్ళలేదు. కానీ వాటిని పాడుతుంటే ఎవరో కట్టినవాటిలా ఉన్నాయని, వాడెవడో ఎలా కట్టాడో తెలుసుకుంటేగాని తనకి మళ్ళీ చేతకాదని సత్యవేణితో అన్నాడు. రోజూ ఒక్కో కృతి తీసి, ఒక్కో సంగతి విప్పి, కుట్లు విప్పి బట్ట చూసినట్టు చూసేవాడు.

ఒక ఆదివారం పొద్దున్న సత్యవేణి వచ్చింది. ఇందుమతి ఇద్దరికీ కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. అతను సహానలో ఉన్న కృతి పాడుతున్నాడు. అది అతని కృతుల్లో అందరూ ఎక్కువగా పాడుకునేది. చరణంలో సగానికొచ్చి ఆగాడు. వెనక్కి వెళ్ళి అదే సంగతి మళ్ళీ పాడాడు. మళ్ళీ ఆగాడు.

"ఇది చూడు, సత్యవేణీ. సహాన వంకరగా, జారుతూ వెళ్ళే రాగం. వీడు అలా వెళ్ళడం లేదు. రిరి అని ఒకచోట రెండుసార్లు నిలబడుతున్నాడు. గగ. మమ. పప. ఆ తర్వాత గబగబా పరిగెడుతున్నాడు. ఇలా ఎవరు నడుస్తారు?"

సత్యవేణి తల వంచుకుని తంబురా మీటుతూనే ఉంది.

"మెట్టు మీద ఒక పాదం పెట్టి, రెండోది కూడా అదే మెట్టు మీదికి తెచ్చి, ఆగి, అప్పుడు పై మెట్టు. పైకెళ్ళాక పరుగు. పెద్దవాళ్ళు ఇలా ఎక్కరు." అతను తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "సాహిత్యం చూడు. పల్లవిలో లోకమేలు తల్లీ అని పిలిచాడు. ఇక్కడికొచ్చేసరికి, జాగ్రత్తే, పడతావే అంటున్నాడు. అమ్మవారు ఎక్కడైనా పడుతుందా? వీడు అమ్మవారితో మాట్లాడటం లేదు."

తంబురా ఆగిపోయింది.

"ఇది కట్టినవాడి ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండేది," అన్నాడు పైడిరాజు.

తల తిప్పి గుమ్మంలో ఉన్న భార్యని చూశాడు. ఇందుమతి కాఫీ గ్లాసులు అక్కడే నేల మీద పెట్టేసింది. పాత ఇంట్లో డాబా మీదికి వెళ్ళే మెట్లు, రెండేళ్ళ కుముద, వెనకాలే చేతులు చాపి వంగి నడిచే అతను, ఆమె కళ్ళకి కట్టాయి. ఆ మెట్ల సంగతి అతను గాజుగదిలో చెప్పలేదు. పాటలో పెట్టినట్టు అతనికే తెలిసి ఉండదు. ఆమెకీ ఈ క్షణం వరకు తెలీదు. ఆ పాట ఎన్నోసార్లు విని, ఎందుకో కన్నీళ్ళు పెట్టుకుని, రాగం గొప్పదనుకుంది.

చెప్పులు వేసుకుని బయటపడింది. ఆదివారమైనా జయశీలరావు పరిశోధనశాలలోనే ఉంటాడు. జరిగింది చెప్పింది. పోయినదాన్ని తిరిగి తేగలమా అని, జవాబు తెలిసి కూడా అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. చెదిరిపోయిన దాన్ని ఏరడానికి లేదన్నాడు. ఈ అనుమానాన్ని తీసెయ్యాలంటే మాత్రం దారుంది, కానీ అది పాటల్లో ఉంది కాబట్టి పాటల్ని తియ్యాలి. ఒక్క సహాన తీస్తే చాలదు. ఆ పిల్ల ఏ పాటలో ఎక్కడుందో ఎవరికి తెలుసు? అన్నీ తియ్యాలి.

"సంగీతం మొత్తం పోతుందా, సార్?"

"మనిషి ఉంటాడు, ఇందుమతిగారూ. హాయిగా ఉంటాడు."

ఆమె సంగీతం తెలియని పైడిరాజుని ఊహించుకుంది. పేపరు చదువుకుంటూ, బజారుకెళ్తూ, దేనికీ బాధపడకుండా. అలాంటి మనిషి కోసం ఒక్క నిమిషం ఆశపడింది కూడా. రేపు పొద్దున్న తీసుకొస్తానని చెప్పి లేచింది. దారిపొడవునా ఆటోలో కూర్చుని, తను చేస్తున్నది సరైనదేనని తనకి తాను చెప్పుకుంటూనే వచ్చింది.

అపార్టుమెంటు దగ్గర దిగేసరికి వాచ్‌మన్, కింద వాటాలో ఉండే ఇద్దరు ఆడవాళ్ళు మెట్ల దగ్గర నిలబడి పైకి చూస్తున్నారు. పైడిరాజు మెట్లెక్కుతున్నాడు. ఒక మెట్టు మీద కుడిపాదం పెట్టి, ఎడమపాదం దాని పక్కకి తెచ్చి, ఆగి, పై మెట్టు. పెదాలు కదులుతున్నాయి. పై అంతస్తు దాకా వెళ్ళి, దిగి, మళ్ళీ మొదలెట్టాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. ఎంతసేపటినుంచో తెలీదు. సత్యవేణి గోడకి ఆనుకుని మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇందుమతిని చూసి అతను ఆగాడు. నీరసంగా నవ్వాడు. "ఎంత ఎక్కినా మొహం కనబడటం లేదు, ఇందూ. ఇలా ఎక్కింది ఎవరు?"

రేపు పొద్దున్న అన్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. మెట్టు మీద కూలబడింది. సత్యవేణి వాచ్‌మన్‌నీ ఆడవాళ్ళనీ బతిమాలి అవతలికి తీసుకెళ్ళింది.

"కుముద," అంది ఇందుమతి. "మన కూతురు."

అతను వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. కుముద, అని ఒకసారి పలికి చూశాడు. కొత్తగా వచ్చినవాళ్ళ పేరు పలికినట్టు పలికాడు.

ఆమె చెప్పింది. ఎక్కడ మొదలెట్టాలో తెలీక సముద్రం దగ్గర మొదలెట్టి, వెనక్కి పుట్టిన రోజుకి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చింది. గాజుగది, టోపీ, ఇల్లు మారడం, దుప్పటి మీద కదిలిన చెయ్యి, అన్నీ చెప్పింది. వాక్యం సగంలో గొంతు పూడుకుపోతే ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే వాక్యం మొదటినుంచి మొదలెట్టేది. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు.

"నేనక్కడే ఉన్నానా?"

"ఉన్నారు."

"ఏం చేస్తున్నాను?"

అబద్ధం చెప్పాలని ఆమెకి ఎంతో అనిపించింది. "పాట వింటున్నారు. మీలో ఏదో కొత్తది వచ్చిందట. కళ్ళు మూసుకున్నారట."

అతను తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఇందుమతి అతని మొహంలోకి చూస్తూ, ఆ అరుపు కోసం ఎదురుచూసింది. వస్తే పట్టుకోవడానికి సిద్ధంగా ఉంది. వస్తే ఇద్దరూ కలిసి ఏడవచ్చు. అది రాలేదు. అతని కళ్ళు తడవలేదు. పేపర్లో ఎవరి బిడ్డ గురించో చదివినప్పుడు పడే బాధ ఉంది ఆ మొహంలో, అంతే.

"నువ్వొక్కదానివే మోశావా ఇదంతా?" అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఇరుగుపొరుగువాళ్ళు ఓదార్చినట్టు ఓదారుస్తున్నాడు. అప్పుడు ఏడ్చింది ఇందుమతి. పిల్ల సముద్రంలో పోయినరోజు కూడా అలా ఏడవలేదు. అతను వీపు నిమురుతూ కూర్చున్నాడు. తనకెందుకు ఏడుపు రావడంలేదో తెలీక భయపడుతున్నవాడిలా ఉన్నాడు.

ఆమె మళ్ళీ గాజుగదికి అతన్ని తీసుకెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఉద్యోగమే మానేసింది. ఆ యంత్రాన్ని తీసెయ్యమని జయశీలరావుతో గట్టిగా చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు, బాగుపడ్డవాళ్ళ సంగతేమిటన్నాడు.

అతను రోజూ పొద్దున్న కాఫీ తాగుతూ కుముద గురించి చెప్పమనేవాడు. ఆమె చెప్పేది. శ్రద్ధగా, పాఠం వల్లెవేసే పిల్లాడిలా వినేవాడు. ఫొటోలు అడిగి తెప్పించుకుని చూశాడు. మేనత్తని అడిగాడు, ఆటో అతన్ని వెతికి పట్టుకుని అడిగాడు. నాకు రావాలి, ఇందూ, రావాలి కదా, తండ్రిని కదా అనేవాడు. ఒకరోజు సముద్రానికి వెళ్ళి, నడుం లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డాడు. జాలర్లు లాక్కొచ్చారు. చావడానికి కాదని, ఏమైనా గుర్తొస్తుందేమోనని దిగానని చెప్పాడు. ఏమీ రాలేదు. తడిబట్టలతో ఇంటికొచ్చి, అందరూ చెప్పింది నాకు తెలిసింది, కానీ జ్ఞాపకం లేదన్నాడు. తెలియడం వేరు, జ్ఞాపకం ఉండటం వేరని ఇందుమతి ఎన్ని వ్యాసాల్లో రాసిందో. ఆ మాట అతని నోట వింటే చెవులు మూసుకోవాలనిపించింది.

తంబురా మాత్రం ముట్టుకోలేదు. సత్యవేణి వచ్చి ఊరికే కూర్చుని వెళ్ళేది. అలా వానాకాలం గడిచిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇందుమతి ఆరేసిన బట్టలు తీస్తుండగా లోపలినుంచి పాట వినిపించింది. అతని గొంతు. కొత్త పాట. చేతిలో బట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రాగమేదో ఆమెకి తెలీదు. కానీ అతను మనసు పెట్టి పాడుతున్నాడు, ఆ మనసు ఖాళీగా లేదు. ఇన్నాళ్ళకి. వచ్చేసింది, పాప వచ్చేసింది, ఎలాగో వెనక్కి వచ్చేసింది అనుకుంది. కళ్ళు మూసుకుని పాటంతా వెతికింది. మెట్లెక్కే పాదాల కోసం వెతికింది. నోటిమీద కొట్టే చిన్న చెయ్యి కోసం వెతికింది. సముద్రం కోసం కూడా వెతికింది.

ఏదీ లేదు. ఒక పలుకు మొదలై, సగంలో తెగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి మొదలవుతోంది. మళ్ళీ తెగుతోంది. ఎంతకీ చివరికి చేరడంలేదు, అలాగని మానడమూ లేదు. అలా తెగే గొంతు ఆమె విన్నదే. ఎక్కడ విన్నదో తెలియడానికి ఆమెకి కొంచెంసేపు పట్టింది.

అతను ఆపి, తలెత్తి చూశాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఎంత ప్రయత్నించినా ఆ పిల్ల రాలేదు, ఇందూ. నువ్వే వచ్చావు," అన్నాడు.

ఇందుమతి బట్టలు గుండెకి అదుముకుని అక్కడే కూర్చుంది. ఆ పాటలో ఉన్నది తనే. ఒక మనిషి మెట్టు మీద కూలబడి, తన బిడ్డ గురించి బిడ్డ తండ్రికే చెప్పుకుంటోంది. బిడ్డ పాటలో ఎక్కడా లేదు.

మళ్ళీ పాడమంది. అతను పాడాడు.